కుట్టులో వదిలిన గుడ్డ

బల్ల మీద పెట్టి చూస్తే అదేమంత గొప్ప వస్తువులా కనిపించదు. పాలరంగు ప్లాస్టిక్. పొడుగాటి గమ్‌బూటును నిలువునా కోసి, ముందు సగం పారేసి, వెనక సగం ఉంచుకున్నట్టు ఉంటుంది. పిక్క దగ్గర ఒక పట్టీ, చీలమండ మీద ఇంకో పట్టీ. బరువు పావుకిలో చుట్టుపక్కల. డాక్టరు చీటీలో దాని పేరు ఏఎఫ్‌ఓ. తయారుచేసే షెడ్డులో కాలిపర్ అంటారు. మా ఇంట్లో "అక్క కాలు" అంటాం. ఏడాదిగా దాన్ని చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాను. ఎంత చూస్తే అంత పనితనం బయటపడుతోంది.

అక్కది తెనాలి. పదిహేనేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మల్టిపుల్ స్క్లిరోసిస్ అని తెలిసి నాలుగేళ్లయింది. మొదటి మూడేళ్లు జబ్బు పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. ఒకసారి కన్ను మసకేసింది, ఒకసారి నడుము కింద తిమ్మిరి వచ్చింది, రెండూ సర్దుకున్నాయి. పోయినేడు సంక్రాంతికి వాకిట్లో ముగ్గు తనే వేసింది. ఉగాది నాటికి గోడ పట్టుకోకుండా వంటింట్లోంచి హాల్లోకి రాలేకపోయింది. అమెరికన్ నరాల వైద్యుడు జాన్ కర్ట్‌స్కీ 1983లో ఖరారు చేసిన కొలబద్ద ఒకటుంది, సున్నా నుంచి పది దాకా, అరమెట్టు చొప్పున. అందులో ఆరో మెట్టు అంటే వంద మీటర్లు నడవడానికి చేతికర్ర కావాలి. అక్క మూడో మెట్టు కూడా ఎక్కని మనిషి. రెండున్నర నెలల్లో ఆరు దగ్గర నిలబడింది.

కాలిపర్ కథలోకి వెళ్లేముందు, అది ఏ పనితనం పాడైతే అవసరపడిందో ఆ పనితనాన్ని చూడాలి.

మెదడులోనూ వెన్నుపాములోనూ ఉన్న నరపు పోగు చుట్టూ కొవ్వు నిండిన తొడుగు ఉంటుంది. దాని పేరు మైలిన్. కరెంటు వైరు మీది ప్లాస్టిక్ తొడుగుతో పోలుస్తారు అందరూ. ఆ పోలిక నాకు నచ్చదు. వైరు తొడుగు ఒకే ముద్ద. ఇది పొరలు పొరలు. ఆత్రేయపురం పూతరేకు గుర్తుందా? రేకు, నెయ్యి, రేకు, నెయ్యి, చుట్టి మడతపెట్టడం. మైలిన్ అచ్చం అలాంటిదే. ఒక కణం తన చేతిని రేకులా పలచన చేసి పోగు చుట్టూ తిప్పుతుంది, తిప్పుతూనే ఉంటుంది. లావు పోగుల మీద ఈ చుట్లు వందదాకా వస్తాయి. ఆ కణాన్ని స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా 1921లో ఆలిగోడెండ్రోసైట్ అన్నాడు. ఒక్కో కణానికి అలాంటి చేతులు పదుల సంఖ్యలో ఉంటాయి. ఒక్కో చేతితో ఒక్కో పోగు ముక్కకు చుట్టపెడుతుంది.

ముక్క అన్నాను. తొడుగు పొడుగునా ఉండదు. కొంత మేర తొడుగు, తర్వాత మిల్లీమీటరులో వెయ్యోవంతు ఖాళీ, మళ్లీ తొడుగు. ఈ ఖాళీలను ఫ్రెంచివాడు రాన్వియే 1870లలో కాళ్లూ చేతుల నరాల్లో చూసి చెప్పాడు. అసలు కిటుకు వాటిలోనే ఉంది. సోడియం లోపలికి వచ్చే సన్నటి తలుపులన్నీ ఆ ఖాళీల దగ్గరే గుమిగూడి ఉంటాయి. నరం మోసుకెళ్లే విద్యుత్ కబురు, తొడుగు ఉన్నంత మేర బయటికి కారకుండా జారిపోతుంది, ఖాళీ రాగానే తలుపులు తెరుచుకుని దానికి కొత్త ఊపునిస్తాయి. అలా గంతులేస్తూ పోతుంది. తొడుగు లేని సన్నటి పోగులో కబురు సెకనుకు ఒకటి రెండు మీటర్లు నడుస్తుంది. తొడుగున్న లావు పోగులో వంద మీటర్ల దాకా పరుగెత్తుతుంది. తొడుగు లేకుండా వేగం కావాలంటే పోగును లావు చెయ్యడమొక్కటే దారి. స్క్విడ్ అనే సముద్రజీవి ఆ దారే పట్టింది. దాని పెద్ద నరపు పోగు ఒక్కటే మిల్లీమీటరు లావు దాకా ఉంటుంది. మన వెన్నుపాము మొత్తం, లక్షల పోగులతో కలిపి, వేలి లావు దాటదు.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఒక ఖాళీ దగ్గర పుట్టే విద్యుత్తు, తర్వాతి ఖాళీని మేల్కొలపడానికి కావలసినంతే ఉండదు. అయిదు నుంచి ఏడు రెట్లు ఎక్కువ ఉంటుంది. ఇది చెప్పగానే అక్క నవ్వింది. "కుట్టులో గుడ్డ వదిలినట్టన్నమాట" అంది. జాకెట్టు కుట్టేటప్పుడు చంకల కింద, పక్కల్లో, అంగుళం గుడ్డ లోపలికి మడిచి వదులుతారు. మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. పైకి కనిపించదు, కానీ జాకెట్టు ఎన్నేళ్లు వస్తుందో తేల్చేది అదే.

ఈ జబ్బులో మన రక్షక కణాలే దారి తప్పి ఆ తొడుగును చీల్చేస్తాయి. 1868లో పారిస్‌లో షార్కో అనే వైద్యుడు, తొడుగు చిరిగిన చోట మిగిలే మచ్చలకూ మనిషిలో కనిపించే లక్షణాలకూ లంకె వేసి జబ్బుకు రూపం కట్టాడు. తొడుగు పోయిన చోట విద్యుత్తు కారిపోతుంది. అయిదారు రెట్ల మిగులు ఒకటికి కాస్త పైన ఆగుతుంది. నరం చేతులు ముడుచుకుని కూర్చోదు. ఒకచోట గుమిగూడిన సోడియం తలుపులను బోసిపోయిన భాగం పొడుగునా పరుస్తుంది, నెమ్మదిగానైనా కబురు దాటిస్తుంది. కొన్నిచోట్ల కొత్త తొడుగు కూడా పడుతుంది. అది పలచన, ముక్కలు పొట్టి. పాత చీరకు వేసిన మాటు లాంటిది. కానీ పనిచేస్తుంది.

ఉగాది పొద్దున ఏం జరిగిందో ఇప్పుడు చెబితే అర్థమవుతుంది. అమ్మ నూనె పెట్టి, కాగిన నీళ్లతో అక్కకు తలంటింది. స్నానాల గదిలోంచి వస్తూ "లైటు ఎవరు తీశారు?" అంది అక్క. లైటు వెలుగుతూనే ఉంది. కాళ్లు కూడా మెత్తబడిపోయాయి. గంటసేపు ఫ్యాను కింద తడితువ్వాలుతో కూర్చుంటే చూపు తిరిగొచ్చింది. అది కొత్త దెబ్బ కాదు. ఒళ్లు వేడెక్కితే సోడియం తలుపులు త్వరగా మూసుకుంటాయి, లోపలికి వచ్చే విద్యుత్తు తగ్గుతుంది. మిగులు గుడ్డ లేని కుట్టుకు అది చాలు, ఊడిపోవడానికి. అర డిగ్రీ పెరిగినా కొందరిలో కబురు ఆగిపోతుంది. జర్మన్ కంటివైద్యుడు ఊట్‌హోఫ్ 1890లో, శ్రమపడ్డాక చూపు మసకేసే రోగులను గమనించి రాశాడు. ఎమ్మారై రాకముందు వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి చూడడమే ఈ జబ్బుకు ఒక పరీక్ష. మా అమ్మ తెలియకుండా ఆ పరీక్షే చేసింది.

కానీ కుడికాలు మాత్రం చల్లబడ్డాక కూడా లేవలేదు. అడుగు వేస్తే పాదం ముందుభాగం వేలాడి నేలను రాసేది. చెప్పు వేళ్ల దగ్గర అరిగిపోయింది. హైదరాబాద్ తీసుకొచ్చాం. నరాల డాక్టరుగారు మొదట రాసింది మూత్రపరీక్ష. నాకు చిరాకేసింది, కాలు పడిపోతే మూత్రమేమిటని. ఆమె ఓపిగ్గా చెప్పారు. మూత్రంలో చీము చేరినా, లోపల జ్వరం ఉన్నా పాత లక్షణాలన్నీ మళ్లీ పైకొస్తాయి, అప్పుడు స్టెరాయిడ్ ఎక్కిస్తే మేలు కన్నా కీడు ఎక్కువ. అక్కకు అదేం లేదని తేలాక మిథైల్‌ప్రెడ్నిసలోన్ రోజుకు ఒక గ్రాము చొప్పున అయిదు రోజులు, పొద్దుటిపూట, సెలైన్‌లో కలిపి ఎక్కించారు. నోరంతా ఇనుము నాకినట్టుందనేది. రాత్రిళ్లు నిద్ర లేదు. స్టెరాయిడ్ కోలుకోవడాన్ని త్వరపెడుతుంది, అంతే. మరో దెబ్బ పడకుండా చూడడానికి రిటుక్సిమాబ్ మొదలుపెట్టారు. అది కాన్సర్ కోసం పుట్టిన మందు. అక్క జబ్బు పేరు దాని డబ్బా మీద ఉండదు, అయినా నరాల వైద్యులు చాలా దేశాల్లో వాడుతున్నారు. దాని బయోసిమిలర్‌ను 2007లో మన హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తీసుకురావడం వల్ల ధర కాస్త దిగింది.

మందుల సంగతి అక్కడితో ఆపుతాను. పాదం సంగతి మిగిలింది.

కాలిపర్ తయారుచేసే షెడ్డు ఒక ఆసుపత్రి వెనకాల ఉంది. లోపలికి వెళ్తే సున్నపు పొడి వాసన. గోడ పొడుగునా తెల్లటి కాళ్లు, ఒక్కోదాని మీద పెన్సిల్‌తో తేదీ. అక్కడ పనిచేసే ఆయనకు అరవై దగ్గర. అందరూ మాస్టారు అంటారు. టైలరింగ్‌లో కూడా కటింగ్ చేసేవాణ్ని మాస్టరనే అంటారు కాబట్టి అక్కకు ఆ పిలుపు సులువుగా వచ్చింది.

ఆయన మొదట కాలు చూడలేదు. "అటు నడు తల్లీ" అన్నారు. ఆరడుగులు, మళ్లీ ఆరడుగులు. చెప్పులు తిరగేసి అరుగుదల చూశారు. తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి, మోకాలు వంచి, పాదాన్ని అరచేతిలోకి తీసుకుని మెల్లగా పైకి నెట్టారు. పిక్క బిగుసుకుంది. ఆగారు. బిగువు వదిలేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నారు. పాదం తొంభై డిగ్రీలకు వచ్చింది. "వస్తోంది. రానిదైతే వేరే లెక్క" అన్నారు.

పిక్క మీదుగా సన్నటి మేజోడు తొడిగారు. తడిసినా చెరగని ఊదా పెన్సిల్‌తో దాని మీద గుర్తులు పెట్టారు: చీలమండకు రెండుపక్కలా పొడుచుకొచ్చే ఎముకలు, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మోకాలి కింద బయటివైపు గుండ్రంగా చేతికి తగిలే ఎముక. ఆ చివరిదాని చుట్టూ రెండుసార్లు గీశారు. దాని మెడ చుట్టూ తిరిగే నరమే పాదాన్ని పైకెత్తేది. కాలిపర్ పై అంచు అక్కడ నొక్కితే, ఎత్తడానికి చేసిన వస్తువే ఎత్తే నరాన్ని చంపుతుంది. అందుకే అంచు ఆ ఎముకకు రెండు వేళ్ల కింద ఆగాలి.

కాలి ముందువైపు నిలువునా రబ్బరు ట్యూబు ముక్క పెట్టి, దాని మీదుగా తడిపిన పీవోపీ కట్టు చుట్టారు. కట్టు చుట్టడం నాలుగు నిమిషాల పని. తర్వాతి నాలుగు నిమిషాలే అసలు పని. ఒక చెయ్యి మడమ కింద, ఇంకో చెయ్యి పాదం ముందు, మోకాలు సూటిగా రెండో వేలి మీదికి వచ్చేలా పట్టుకుని ఆయన కదలకుండా ఉండిపోయారు. ఆ భంగిమే ఇక కాలిపర్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. పీవోపీ గడ్డకడుతూ వేడెక్కుతుంది. "వెచ్చగా ఉందా?" అని అడిగారు. అక్క లేదంది. ఆయన అక్క ఎడమచేతిని తీసుకెళ్లి కట్టు మీద ఆనించారు. అప్పుడు తెలిసింది ఆమెకు, బాగా వెచ్చగా ఉందని. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నారు. తర్వాత అడిగితే చెప్పారు: స్పర్శ లేని కాలు నొప్పి చెప్పదు, దానికి ఎముకల దగ్గర ఇంకొంచెం జాగా ఇవ్వాలి.

ట్యూబు మీద కత్తి నడిపి అచ్చును చీల్చి తీశారు. చర్మానికి కత్తి తగలకుండా ఉండేందుకే ఆ ట్యూబు. ఖాళీ అచ్చులో పీవోపీ ముద్ద పోసి, మధ్యలో ఇనుప గొట్టం నిలబెట్టి, మర్నాటికి పై పెంకు ఒలిస్తే అక్క కాలు తెల్లగా నిలబడింది. ఊదా గుర్తులు దాని మీదికి దిగాయి. ఇక్కణ్ణుంచి చెక్కడం. ఎముక గుర్తులున్న చోట కాస్త పీవోపీ అద్ది ఎత్తు చేస్తారు. అద్దిన చోట ప్లాస్టిక్ ఎముకకు దూరంగా ఉబ్బుతుంది. పిక్క మెత్తన ఉన్నచోట ఆకురాయితో కొంచెం గీకుతారు. అక్కడ ప్లాస్టిక్ గట్టిగా ఆనుతుంది. అంటే ఆ కాలు అక్క కాలికి నకలు కాదు. ఎక్కడ మొయ్యాలో, ఎక్కడ మొయ్యకూడదో చెప్పే దిద్దుబాటు.

పాలీప్రొపిలీన్ షీటును ఓవెన్‌లో పెడితే పాలతెలుపు పోయి మెల్లగా గాజులా అవుతుంది. మొత్తం గాజయిన క్షణమే సమయం. ఇద్దరు మనుషులు తోలు తొడుగుల చేతులతో దాన్ని ఎత్తి, తెల్లకాలి మీద పరిచి, ముందువైపు అంచులు కలిపి నొక్కారు. లోపలి గాలిని పంపు లాగేసింది. పిండి రొట్టె పెనానికి అంటుకున్నట్టు షీటు కాలికి అంటుకుంది. నేను అప్పుడే తీస్తారనుకున్నాను. "రాత్రంతా ఉండాలి బాబూ. తొందరపడితే వంకరపోతుంది."

మర్నాడు రంపం పట్టేముందు ఆయన చీలమండ దగ్గర పెన్సిల్‌తో రెండు గీతలు గీశారు. ఒకటి ఎముకకు వెనక, ఇంకోటి ముందు. వెనక గీత మీద కోస్తే ప్లాస్టిక్ సన్నబడి, ఆకుస్ప్రింగులా వంగుతుంది, నడక తేలిగ్గా ఉంటుంది. ముందు గీత మీద కోస్తే చీలమండ బిగుతుగా నిలబడుతుంది, పిక్క ఎంత లాగినా పాదం జారదు. అక్క జబ్బు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. స్టెరాయిడ్ తర్వాత కాలు తేలికపడచ్చు, ఇంకా బిగుసుకోవచ్చు. మాస్టారు ముందు గీత మీద కోశారు.

"తీసెయ్యడం ఎప్పుడైనా నా చేతిలో పని. అతికించడం ఎవరి చేతిలోనూ లేదు" అన్నారు.

అక్క నా వైపు చూసింది. ఆమె ఇరవై ఏళ్ల వయసులో కటింగ్ నేర్చుకున్న రోజు నేర్పిన మనిషి కూడా ఇదే మాట అన్నాడట.

అంచులు రాయితో నున్నగా రాసి, పట్టీలు రివెట్లతో బిగించి, మొదటిరోజు గంట మాత్రమే తొడగమన్నారు. విప్పాక చర్మం మీది ఎర్రటి గుర్తులు ఇరవై నిమిషాల్లో పోవాలి, పోకపోతే వెంటనే రావాలి. అరికాలు చూసుకోవడానికి చిన్న అద్దం కొనమన్నారు.

తెనాలి వెళ్లాక అసలు చిక్కు వచ్చింది. కాలిపర్ బూటులో పెట్టుకుంటేనే పనిచేస్తుంది. వట్టి నేల మీద జారుతుంది. మన ఇళ్లలో చెప్పులు గడప బయట ఉంటాయి. ఎక్కడో చలిదేశంలో పుట్టిన ఈ వస్తువును మన గచ్చు నేలకు ఒప్పించడం అక్క పని. ఒక సైజు పెద్ద కాన్వాస్ బూట్లు కొని, వాటిని ఎన్నడూ వాకిట్లోకి తీసుకెళ్లకుండా ఇంట్లోనే వాడింది. వంటింట్లో బూట్లేమిటని అక్క అత్తగారు గొణుగుతారని భయపడ్డాను. ఆవిడ ఒక్కమాటలో తేల్చేశారు: "గడప దాటని చెప్పు చెప్పు కాదులే."

కుట్టుమిషను మోటారు పెడల్ కుడిపాదం కింద ఉండేది, ఎడమ కిందికి మార్చుకుంది. వారం రోజులు కుట్లు వంకరపోయాయి. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా కటింగ్, అప్పటికి ఎండ ఎక్కదు. చెయ్యి వణికితే రెండు మోచేతులూ బల్లకు ఆనించి కత్తెర పడుతుంది. మెడ చుట్టూ తడితువ్వాలు, ఫ్రిజ్‌లో ఇంకోటి సిద్ధంగా. బాక్లోఫెన్ మాత్రల విషయంలో ఆమె లెక్క నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. మాత్ర పెంచితే కాలి బిగువు తగ్గి హాయిగా ఉంటుంది, కానీ నిలబడితే మోకాలు మడతపడుతుంది. ఆ బిగువే ఆమెను మోస్తోందన్నమాట. రాత్రి మాత్ర పెంచి పగటిది అలాగే ఉంచమని డాక్టరుగారితో మాట్లాడి ఒప్పించుకుంది. ఆ మాత్ర ఉన్నపళంగా ఆపితే ప్రమాదమని తెలుసు కాబట్టి, ఎప్పుడూ పదిహేను రోజులకు సరిపడా డబ్బాలో ఉంచుతుంది.

స్నానాల గదిలో కడ్డీ బిగించడానికి మేస్త్రీ వచ్చి "ఎంత ఎత్తు?" అన్నాడు. అక్క గోడ చూపించింది. నెలరోజులుగా ఆమె చెయ్యి పడ్డ చోట్లలో సున్నం మాసి మరకలు కట్టింది. "అక్కడ" అంది. మరకల వెంట కడ్డీ పడింది. పని అయిపోయాక, ఇంకో జానెడు కింద మరో రెండు కన్నాలు వేసి, ప్లాస్టిక్ మూతలు పెట్టమంది. ఎందుకమ్మా అన్నాడు మేస్త్రీ. "కుర్చీలో కూర్చుని వచ్చేరోజుకు" అంది, పక్కింటి జాకెట్టు కొలతలు చెప్పే గొంతుతోనే. ఆ మూతలు ఇంకా తియ్యలేదు.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్ పేరు ఉంది. ఈ జబ్బున్న చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఆర్నెల్లకు కాలు కొంత తేలికపడింది. షెడ్డుకు వెళ్తే మాస్టారు చీలమండ దగ్గర అయిదు మిల్లీమీటర్లు మాత్రం తీశారు, వెనక గీత దాకా పోలేదు. అప్పుడే ఆయన అక్క మేజోడును వేళ్లతో తడిమి చూశారు. కొన్న మేజోళ్ల అతుకు చిటికెనవేలి మీద పడి గుర్తు కడుతోందని, అక్క మెత్తటి అల్లిక గుడ్డతో అతుకు బయటివైపు వచ్చేలా మోకాలి దాకా తనే కుట్టుకుంది. పైభాగంలో అంగుళం గుడ్డ లోపలికి మడిచి ఉంది. ఆయన ఆ మడత విప్పి చూసి, మళ్లీ మడిచారు.

"ఇలాంటివి కుట్టిస్తావా తల్లీ? స్పర్శ లేని కాళ్లవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు."

పోయిన నెల పన్నెండు జతలు అడిగారు. ఎనిమిది పూర్తయ్యాయి.